పదకొండో గంటలో సగం

"నిన్ను అడిగింది ఒక్కటే అమ్మా! ఒక్క గంట దాని పక్కన కూచోమని. అంతే!"

కొడుకు పనిముట్ల సంచిని నేలమీద పడేశాడు. లోపల స్పానర్లు ఘల్లుమన్నాయి. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం అతనిది. ఆ రోజు ఒక పెద్ద భవనంలో తనిఖీ ఉందని సెలవు దొరకలేదు. అందుకే భార్యతో ఆస్పత్రికి వెళ్ళమని తల్లిని రెండు రోజుల ముందే బతిమాలాడు.

సూదమ్మ కుర్చీ అంచున కూచుని ఉంది. కాళ్ళకి చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి.

"వెళ్ళానురా."

"ఎప్పుడు వెళ్ళావ్? అంతా అయిపోయాక!"

"కొట్టు నుంచి తిన్నగా చెప్పిన టైముకే వెళ్ళా. పదకొండున్నర అంది. పావుగంట ముందే అక్కడున్నా. కౌంటర్లో అడిగితే ఆవిడెప్పుడో వెళ్ళిపోయిందన్నారు."

"పదిన్నర అన్నాను," అంది కోడలు.

ఆ పిల్ల వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. ఆమెది జర్మన్ మాట్లాడే దేశం. తెలుగేమో మొగుడి దగ్గర నేర్చుకుంది. ఒక్కొక్క మాటనీ చేత్తో తడిమి చూసుకుని మరీ బయటపెడుతుంది. కోపం వచ్చినప్పుడు ఇంకా నెమ్మదిగా మాట్లాడుతుంది.

"పదకొండున్నర అన్నావమ్మాయ్."

"కాదు అత్తయ్యా. పదిన్నర."

"అంటే నేను అబద్ధం చెప్తున్నానా?"

"అంటే నేను చెప్తున్నానా?"

సింకులో కుళాయి చుక్కచుక్కగా కారుతోంది. రోజూ వినపడని ఆ చప్పుడు ఇప్పుడు ఇల్లంతా వినపడింది.

"మూడుసార్లు ఫోన్ చేశాను," అంది కోడలు.

"కొట్లో ఛార్జింగులో పెట్టి మర్చిపోయానమ్మా." సూదమ్మ గొంతు దిగిపోయింది.

కొడుకు ఒక కుర్చీ లాక్కుని కూచున్నాడు. "సర్లే, అది వదిలెయ్. స్కాన్‌లో ఏమన్నారు?"

"బాగుంది," అంది కోడలు, ఎవరి మొహమూ చూడకుండా. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా వేసుకున్నా బాగుండేది. చప్పుడు కాకుండా వేసుకుంది.

కొడుకు తలుపు వంక చూసి గొంతు తగ్గించాడు. "పోయినేడు ఏమైందో నీకు తెలుసు కదమ్మా. అదే ఆస్పత్రి, అదే గది. మూడో నెల్లో గుండె చప్పుడు లేదని చెప్పారు. ఇవాళ అది ఒక్కత్తే అక్కడ కూచుంది."

"తెలుసురా."

"తెలిస్తే వెళ్ళేదానివి. నీకు మొదట్నుంచీ అది పరాయిదే."

సూదమ్మకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

"పరాయిదా? దాన్ని నేనొక మాటన్నానట్రా ఎప్పుడైనా? అది కట్టిన పళ్ళు పెట్టుకుని దాన్నే తిడతానా?"

కొడుక్కి నవ్వు రాబోయింది. బలవంతంగా మింగేశాడు. కోడలు పళ్ళసెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. సూదమ్మ పై వరస ఆ పిల్ల చేతి చలవే. నాలుగుసార్లు అరగదీసి, అద్దం చూపించి, "బాగుందా? నవ్వండి," అని నవ్వించి మరీ అమర్చింది.

"వెళ్ళి పడుకో అమ్మా. నేనూ ఎక్కువ మాట్లాడాను," అన్నాడు కొడుకు.

సూదమ్మ లేచింది గాని, చెప్పవలసిన అసలు మాట చెప్పలేదు.

ఆ మాట ఇది. ఆమె మూడు నెలలుగా జర్మన్ నేర్చుకుంటోంది.

ఆమెది బట్టలు సరిచేసే చిన్న కొట్టు. ప్యాంటు పొడవైతే మడిచి కుట్టడం, జిప్పు పోతే మార్చడం, లావైనవాళ్ళకి వదులు చేయడం, సన్నబడ్డామని సంబరపడేవాళ్ళకి బిగించడం. ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. అందరికీ సూదమ్మే. కొట్టు పైన మేడమీద జర్మన్ క్లాసు ఉంది. జర్మనీ ఆస్పత్రుల్లో ఉద్యోగాల కోసం వెళ్ళబోయే నర్సమ్మాయిలు పాతికమంది పొద్దున్నే వచ్చి గొంతెత్తి వల్లెవేస్తుంటారు.

పోయినేడు బిడ్డ పోయినప్పుడు కోడలు మూడు రోజులు ఏడ్చింది. తెలుగు మొత్తం మర్చిపోయినట్టు, తన భాషలోనే ఏదో చెప్పుకుంటూ ఏడ్చింది. సూదమ్మ పక్కనే కూచుని వీపు నిమిరింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏడుపుకి భాష లేదంటారు గాని ఉంది. అది తెలియనివాళ్ళకి వీపు నిమరడం తప్ప ఏమీ చేతకాదు. అది మనసులో పెట్టుకునే, ఈ ఏడు కొత్త బ్యాచి మొదలవగానే ఆమె మేడమెట్లు ఎక్కింది. కొడుక్కి గాని కోడలికి గాని చెప్పలేదు. రాకపోతే నవ్విపోతారని భయం. వస్తే ఒక్కసారిగా చూపించాలని ఆశ.

ఆ చూపించడమే కొంప ముంచింది.

స్కాన్‌కి ముందురోజు సాయంత్రం కోడలు బట్టలు మడతపెడుతోంది. కొడుకు ఇంకా పని నుంచి రాలేదు. సూదమ్మ గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకుంది. "ఉమ్ వీ ఫీల్ ఊర్?" అని అడిగింది. రేపు స్కాన్ ఎన్నింటికి అని.

కోడలి చేతిలోంచి తువ్వాలు జారిపోయింది. అత్తగారి మొహం చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో నవ్వింది. ఆ నవ్వులోనే బదులిచ్చింది.

"హాల్ప్ ఎల్ఫ్."

ఎల్ఫ్ అంటే పదకొండు. హాల్ప్ అంటే అర. పదకొండున్నర. సూదమ్మ అన్నీ తెలిసినదానిలా తలూపింది. ఇంకోసారి అడిగితే తన చదువులో డొల్ల ఎక్కడ బయటపడుతుందోనని అడగలేదు. కోడలు వచ్చి మెడచుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. ఆ ఇంట్లో కాపరానికి వచ్చాక ఆ పిల్ల అత్తగారిని కౌగలించుకోవడం అదే మొదలు. "వాడికి నేనే చెప్తా, నువ్వు చెప్పకు," అంది సూదమ్మ.

ఇంట్లో గొడవైన మర్నాడు పొద్దున క్లాసు మొదలవకముందే సూదమ్మ మేడ ఎక్కింది.

"టీచరమ్మా, హాల్ప్ ఎల్ఫ్ అంటే ఎన్ని గంటలు?"

టీచరమ్మకి ముప్పై ఏళ్ళుండవు. బోర్డు తుడుస్తూ వెనక్కి తిరిగింది. "పదిన్నర, సూదమ్మగారూ."

"పదకొండున్నర కాదూ?"

"కాదండీ. పదిన్నరే. ఆ పాఠం చెప్పిన గురువారం మీరు రాలేదు. స్కూలు యూనిఫాంల హడావిడి అన్నారు."

సూదమ్మ దగ్గర్లో ఉన్న బెంచీ మీద కూలబడింది. పావుల పాఠానికి తను ఉంది. పది దాటి పావు అయితే ఫియర్టెల్ నాఖ్ ట్సేన్. పదకొండుకి పావు తక్కువైతే ఫియర్టెల్ ఫోర్ ఎల్ఫ్. చక్కగా వచ్చు. సరిగ్గా అర దగ్గరే కుట్టు తెగింది.

"మరి పది మాటే లేకుండా పదిన్నర ఎలా అవుతుందమ్మా?"

టీచరమ్మ బోర్డు మీద గుండ్రంగా గడియారం గీసింది. పెద్దముల్లు ఆరు మీద పెట్టింది. చిన్నముల్లు పదికీ పదకొండుకీ నడుమ నిలబెట్టింది. "మనం అయిపోయిన గంట చెప్పి, దాని మీద అర కలుపుతాం. వాళ్ళు రాబోయే గంట పేరు చెప్తారు. పదకొండో గంటలో సగం నడిచింది అని. అరకి అయిదు నిమిషాలు తక్కువైతే అదీ అలాగే. పదీ ఇరవై అయిదుకి ఫ్యున్ఫ్ ఫోర్ హాల్ప్ ఎల్ఫ్ అనాలి."

ముందు బెంచీలో నర్సమ్మాయి బుగ్గలు నొక్కుకుంది. "ఇలా అయితే రోగికి మాత్ర గంట ఆలస్యంగా వేస్తామండీ! అతను పైకి పోయాక లెక్క సరిచూసుకోవాలి."

క్లాసంతా గొల్లుమంది. సూదమ్మ నవ్వలేదు.

టీచరమ్మ అది చూసింది. దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పింది. "ఈ తప్పు అందరూ చేస్తారండీ. నేనూ చేశాను, ఒక పరీక్షే పోయింది. అనుమానం వస్తే అంకెల్లో చెప్పమని అడగండి. ట్సేన్ ఊర్ డ్రైసిష్, పది గంటల ముప్పై. అందులో తిరకాసు ఉండదు. అడగడానికి సిగ్గుపడకండి."

"ఆ సిగ్గే కదమ్మా నన్ను తినేసింది," అంది సూదమ్మ. చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. కొట్టు తలుపులు తీయలేదు.

పళ్ళసెట్ల ల్యాబు రెండు వీధుల అవతల. బల్లనిండా తెల్లటి ప్లాస్టరు దవడలు వరసగా నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. కోడలు మొహానికి మాస్కు కట్టుకుని చిన్న మర మీద ఒక దంతాన్ని అరగదీస్తోంది. కిటికీలోంచి పడ్డ ఎండలో సన్నటి పొడి లేస్తోంది.

సూదమ్మ గుమ్మంలోనే ఆగింది.

"అమ్మాయ్. హాల్ప్ ఎల్ఫ్ అంటే ట్సేన్ ఊర్ డ్రైసిష్."

మర ఆగింది. కోడలు మాస్కు కిందికి లాక్కుంది.

"తప్పు నాదే తల్లీ. నువ్వు పదిన్నరే చెప్పావు. నేనే పదకొండున్నర అనుకున్నా. పైగా నువ్వు అబద్ధం చెప్పావన్నట్టు మాట్లాడా."

కోడలు రెండు చేతులతో తల పట్టుకుంది. "అయ్యో. అయ్యో అత్తయ్యా! నేను మర్చిపోయాను. ఆయన కూడా ఇలాగే చేశాడు. మొదటిసారి నన్ను కలవడానికి గంట లేటుగా వచ్చాడు. నేను వెళ్ళిపోయాను."

"వాడు చేశాడా? మరి నిన్న నామీద అంతెత్తున ఎగిరాడే?"

ఇద్దరూ నవ్వారు. ముందు ఆగింది కోడలి నవ్వే.

"మీకు రావడం ఇష్టం లేదు అనుకున్నాను. బెంచీ మీద కూచుని అదే అనుకున్నాను. ఇక్కడ నాకు ఎవరూ లేరు అనుకున్నాను. అక్కడ కూడా లేరు."

అక్కడ అంటే కన్నతల్లి. ఈ పెళ్ళి ఆవిడకి ఇష్టం లేదు. పెళ్ళినాడు మాటా మాటా పెరిగింది. రెండేళ్ళయింది, తల్లీ కూతుళ్ళ మధ్య ఫోను కూడా లేదు. పోయినేడు బిడ్డ పోయిన సంగతి ఆవిడకి తెలియదు. ఈసారి కడుపుతో ఉన్న సంగతీ తెలియదు.

సూదమ్మ స్టూలు లాక్కుని ఎదురుగా కూచుంది. "ఇవాళ టీచరమ్మ చెప్తే అప్పుడు తట్టింది. మనమూ నెలలు అలాగే లెక్కపెడతాం కదా! మూడు నిండితే మూడు అనం. నాలుగో నెల నడుస్తోంది అంటాం. మీవాళ్ళ గంట కూడా కడుపుతో ఉన్న మనిషి లాంటిదేనే. ముందు నెల పేరు చెప్తుంది."

కోడలు ఆ మాటని తనలో తాను ఒకసారి అనుకుని చూసుకుంది.

"అత్తయ్యా. నేను లోపలికి వెళ్ళలేదు."

"ఎక్కడికి?"

"స్కాన్ గదిలోకి. పిలిచారు. నేను లేచాను. తలుపు చూశాను. అదే తలుపు. వెనక్కి వచ్చేశాను."

"మరి బాగుంది అన్నావు?"

"ఆయన అడిగాడు. ఆయన మొహం చూసి..." తెలుగు అయిపోయింది. కోడలు ఇంకేదో తన భాషలో అంది. సూదమ్మకి అందులో ఒక్క మాటే తెలిసింది. భయం. అది నర్సమ్మాయిల పాఠంలో ఉంది, రోగిని అడగాల్సిన ప్రశ్నల్లో.

ఆ ఒక్క మాట చాలింది. లేచి వెళ్ళి, ప్లాస్టరు పొడి అంటిన ఆ తలని కడుపుకి ఆనించుకుంది.

"ఇప్పుడే ఫోన్ చేసి రేపటికి టైము అడుగు. పొద్దున్నే ఎంతకైనా సరే. సాయంత్రం వాడికి నిజం చెప్పేద్దాం."

"ఆయన బాధపడతాడు."

"పడనీ. మొగుడన్నాక ఆమాత్రం బాధపడకపోతే ఎందుకూ?"

కోడలు ఫోన్ చేసింది. ఎనిమిదీ నలభై అయిదుకి రమ్మన్నారు. సూదమ్మ ఆ అంకెలని తెలుగులో ఒకసారి, జర్మన్‌లో ఒకసారి చెప్పించుకుని, అరచేతిలో రాసుకుంది.

సాయంత్రం కొడుకు వచ్చేసరికి ఇద్దరూ వంటగదిలో ఎదురుచూస్తున్నారు. సూదమ్మ తన క్లాసు సంగతి, అర దగ్గర పడ్డ తప్పు చెప్పింది. కొడుకు నోరు తెరిచాడు. "నువ్వా? జర్మనా? మూడు నెలల్నుంచా?" అని నవ్వబోయాడు.

అప్పుడు కోడలు మిగతాది చెప్పింది.

కొడుకు మెల్లగా వెళ్ళి కుళాయి కింద చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. గోళ్ళలో నల్లటి గ్రీజు. సబ్బు పెట్టి రుద్దుతూనే ఉన్నాడు.

"తిట్టు," అంది కోడలు.

"నిన్నెందుకు తిడతాను?" వీపు తిప్పుకునే అన్నాడు. "ఎక్కడెక్కడి వాళ్ళనో లిఫ్టులో దించుతాను, ఎక్కిస్తాను. నిన్న నువ్వు ఆ బెంచీ మీద ఉంటే నేనేమో..." కుళాయి కట్టేశాడు. "అమ్మా, నిన్న నీకది పరాయిదీ గిరాయిదీ అన్నాను."

"అన్నావు."

"అవన్నీ గుర్తుపెట్టుకోకు."

"పెట్టుకుంటా. నీకు పిల్లలు పుట్టాక వాళ్ళకి చెప్తా," అంది సూదమ్మ. ఆ మాట నోట్లోంచి వచ్చాక నాలిక్కరుచుకుంది. కాని కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది.

మర్నాడు కొడుకు సెలవు అడగలేదు. రానని చెప్పాడు, అంతే. ముగ్గురూ ఎనిమిదింటికే ఆస్పత్రి బెంచీ మీద ఉన్నారు. కోడలు నడుమ కూచుంది. గోడమీద గడియారం నిమిషానికొకసారి టక్కుమంటోంది.

నర్సు తలుపు తీసింది. "లోపలికి ఒక్కరే తోడు రావాలి."

సూదమ్మ వెంటనే కొడుకు భుజం తట్టింది. "వెళ్ళరా."

కొడుకు లేచాడు. రెండడుగులు వేశాడు. ఆగి వెనక్కి చూశాడు.

"నువ్వెళ్ళమ్మా. వస్తానని మాటిచ్చింది నువ్వు కదా."

"తండ్రివిరా నువ్వు."

"నేనిక్కడే ఉంటాను. ఈ తలుపు దగ్గరే."

కోడలు ఇద్దరినీ చూసింది. తర్వాత అత్తగారి వైపు చెయ్యి చాచింది.

గది చల్లగా, మసకగా ఉంది. డాక్టరమ్మ పొట్టమీద జెల్ రాసి, పరికరాన్ని అటూ ఇటూ జరుపుతోంది. ఏమీ మాట్లాడటం లేదు. కోడలు తెర చూడటం లేదు, కళ్ళు మూసుకుంది. ఆమె గోళ్ళు సూదమ్మ అరచేతిలో దిగబడుతున్నాయి. సూదమ్మ తెర వంకే చూస్తోంది గాని, అందులో ఏది ఏమిటో ఆమెకేం తెలుసు? బూడిదరంగు మబ్బులు కదులుతున్నాయి, అంతే.

డాక్టరమ్మ పరికరాన్ని ఒకచోట ఆపింది. ఇంకొంచెం నొక్కింది. ఒక మీట తిప్పింది.

గదంతా చప్పుడు నిండింది. వేగంగా, గడబిడగా, ఎక్కడా ఆగకుండా. పెళ్ళికి టైమైపోతుంటే కుట్టుమిషను తొక్కినట్టు.

"వింటున్నారా?" అంది డాక్టరమ్మ. "ఎంత గట్టిగా కొట్టుకుంటోందో చూడండి."

కోడలు కళ్ళు తెరిచింది. సూదమ్మకి ఏం చేయాలో తోచక తలుపు దగ్గరికి పరుగెత్తి, ఒక రెక్క తీసి పట్టుకుంది. "ఒరేయ్, విను!" నర్సు వద్దనబోయి ఊరుకుంది. బయట నిలబడ్డ లిఫ్టు మెకానిక్ తలుపు చట్రానికి నుదురు ఆనించి, అలాగే వింటూ ఉండిపోయాడు.

ఆ తర్వాత కొడుకు రిపోర్టు కోసం కౌంటర్ దగ్గరికి వెళ్ళాడు. అత్తాకోడళ్ళు వరండా చివర కిటికీ దగ్గర నిలబడ్డారు. కోడలు మొహం కడుక్కుని వచ్చింది. ఫోను తీసింది, లోపల పెట్టింది, మళ్ళీ తీసింది.

"మా అమ్మకి చెప్పాలని ఉంది," అంది.

"చెప్పమ్మా. చెప్పడానికి ఇంతకంటే మంచి ఘడియ ఎప్పుడొస్తుంది?"

అంకెలు చూడకుండానే నొక్కింది. రెండేళ్ళయినా వేళ్ళు మర్చిపోలేదు. అవతల మోగింది. ఒకసారి, రెండుసార్లు, అయిదుసార్లు. ఎవరో ఎత్తారు. ఆడ గొంతు.

కోడలు నోరు తెరిచింది. మాట రాలేదు. తన సొంత భాషే, అయినా రాలేదు. ఆ గొంతు మళ్ళీ అడిగింది. కోడలు తల అడ్డంగా ఊపుతూ, ఫోను తీసుకొచ్చి అత్తగారి చేతిలో పెట్టేసింది.

"నేనా? నాకేం వచ్చమ్మా?" అంది సూదమ్మ గుసగుసగా. ఆమెకి వచ్చిన జర్మన్‌లో దండాలున్నాయి, పన్నెండు గంటలూ వాటి పావులూ అరలూ ఉన్నాయి. నొప్పి ఎక్కడ, భయంగా ఉందా అని అడగడం ఉంది. అంతే.

ఫోను చెవికి ఆనించుకుంది.

"వేర్ ఇస్ట్ డా?" అంటోంది అవతలి గొంతు. ఎవరక్కడ అని. అది అర్థమైంది. వయసు మళ్ళిన గొంతు. విసుగు లేదు అందులో. ఆ నిశ్శబ్దం ఎవరిదో సగం తెలిసిపోయినట్టు వణుకుతోంది.

ఎవరని చెప్పాలి? అత్తగారిని అనే మాట టీచరమ్మ ఇంకా చెప్పలేదు. అయినా ఆవిడకి తను అత్తగారు కాదుగా. ఒకరి బిడ్డని ఇంకొకరి ఇంట్లో పెట్టుకున్న ఇద్దరు తల్లులు ఒకరికొకరు ఏమవుతారో, దానికి ఆ భాషలో అసలు మాటంటూ ఉందో లేదో. తన భాషలో ఉంది. ఎదురుపడితే పిలుచుకునే పిలుపూ ఉంది.

కోడలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. అవతల గొంతు ఈసారి ఏమీ అడగలేదు. ఊపిరి మాత్రం వినపడుతోంది. ఫోను పెట్టేయలేదు.

సూదమ్మ కళ్ళు తుడుచుకుంది.

"వదినగారూ..." అంది.